పదహారు సెంట్ల ఇల్లు, ఎనిమిది సెంట్ల హక్కు

నందికొట్కూరు నుంచి పగిడ్యాల వైపు పోయే పల్లెల్లో ఒక తరహా ఇల్లు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒకటే అంతస్తు. మందమైన రాతి గోడలు. పైకప్పు చౌడు పోసిన మట్టి మిద్దె కావచ్చు, తరువాతి తరం వేయించిన బండల మిద్దె కావచ్చు. కట్టడం నాలుగైదు సెంట్లకు మించదు. దాని వెనుకా పక్కలా ఉన్న దొడ్డి మాత్రం అంతకు రెండు మూడింతలు ఉంటుంది. అందులో ఒక వేపచెట్టు, బట్టలుతికే బండ, మేకలు కట్టే కొట్టం, కట్టెలు పేర్చుకొనే మూల. ప్రహరీ ఉంటే ప్రహరీ, లేకుంటే ముళ్ల కంచె.

ఇటువంటి ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలిసిన రోజున కొనగోరి వచ్చే ముస్లిం కుటుంబాలు తక్కువేమీ కావు. అందుకు కారణాలు చెప్పనక్కరలేదు గానీ చెప్పుకోవడం బాగుంటుంది. వృద్ధులైన తల్లిదండ్రులకు మెట్లెక్కే బాధ లేదు. ఇంటి స్త్రీలు పరాయి చూపు పడకుండా ఆరుబయట పని చేసుకోగలరు. నిఖా జరిగితే షామియానా సొంత దొడ్డిలోనే వేసుకోవచ్చు. బక్రీదుకు ముందు నెల రోజులు జీవాలను మేపుకోవచ్చు. కొడుకు వేరు కాపురం పెట్టిన నాడు మరో రెండు గదులు లేపుకోవచ్చు. విశాలమైన ఇల్లు మనిషి సౌఖ్యాలలో ఒకటని ప్రవక్త (స) బోధించిన సంగతి మన పెద్దలు ఇల్లు చూడబోయిన ప్రతిసారీ తలచుకొంటారు.

మరొక కారణమూ ఉన్నది. పట్టణాల్లో ముస్లింలకు ఇల్లు అద్దెకు దొరకడమే గగనమైన చోట్లు ఉన్నాయని, కొనడానికి సిద్ధపడినా అమ్మేవారు వెనుకాడుతున్నారని, ఆ కారణంగా ఒకే పేటలో ఇరుక్కొని బతకవలసి వస్తున్నదని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. గుజరాత్‌లో 1991 నాటి కల్లోలిత ప్రాంతాల చట్టం కింద, ప్రకటిత ప్రాంతాల్లో స్థిరాస్తి చేతులు మారాలంటే కలెక్టరు ముందస్తు అనుమతి కావాలి. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగపు 19వ అధికరణం ఇచ్చినా, ఒక ఇంటి యజమాని 'మీకు అమ్మను' అంటే ఆ హక్కు అతని గుమ్మం దగ్గర ఆగిపోతుంది. పట్టణంలో అటువంటి అనుభవం అయినవారికి, నాలుగు తరాలుగా పీర్ల పండుగను రెండు మతాలవారూ కలిసి చేసుకొంటూ వచ్చిన ఊళ్లోని విశాలమైన ఇల్లు ఒక ఊరట.

తలుపు మూసిన బయటివారిని గురించి మేము పలుమార్లు వ్రాశాము, ఇకముందూ వ్రాస్తాము. అయితే ఈ నెల మాత్రం మన గడపకు లోపల జరిగే ఒక అన్యాయాన్ని గురించి మాట్లాడదలచాము. ఇటువంటి ఇల్లు కొనబోయేవారు గోడల పగుళ్లు చూస్తారు, బావిలో నీళ్లు చూస్తారు, దారి వెడల్పు కొలుస్తారు. అమ్మేవారికి అక్కచెల్లెళ్లు ఎందరు అని అడిగేవారు అరుదు. మా దృష్టిలో అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

ఎందుకో ఒక లెక్కతో చెబుతాము. ఇల్లూ దొడ్డీ కలిపి పదహారు సెంట్లు అనుకొందాం. అది ఒక తండ్రి పేర ఉన్నది. ఆయన చనిపోయాడు. ఆయన తల్లిదండ్రులు అంతకు ముందే గతించారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు మిగిలారు. అప్పులు, అంత్యక్రియల ఖర్చు, వీలునామా ఏదైనా ఉంటే అది పోను, సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దానిలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఇద్దరు కొడుకులవి నాలుగు పాళ్లు, ముగ్గురు కూతుళ్లవి మూడు, మొత్తం ఏడు. ఎనిమిదిలో ఒకటి తల్లికి పోగా మిగిలినవీ ఏడే. కనుక తల్లికి రెండు సెంట్లు, ఒక్కొక్క కూతురికి రెండు సెంట్లు, ఒక్కొక్క కొడుక్కు నాలుగు సెంట్లు. ఖుర్ఆన్‌లోని నిసా అధ్యాయం చెప్పిన పంపకం ఇది. ఈ దేశపు న్యాయస్థానాలు అమలు చేసే పంపకమూ ఇదే.

ఇప్పుడు ఆ ఇద్దరు కొడుకులూ కలిసి పదహారు సెంట్లనూ అమ్మకానికి పెట్టారు. వారు నిజంగా అమ్మగలిగినది ఎనిమిది సెంట్లు. మిగిలిన సగం ఆస్తి వారిది కాదు. దస్తావేజులో పదహారు అని వ్రాసినా, నాలుగు హద్దులూ చెప్పినా, సొమ్మంతా ముట్టజెప్పినా, కొన్నవాడికి దక్కేది అమ్మినవాడికి ఉన్నదే గాని అంతకు మించి కాదు.

ఇక్కడ మన న్యాయశాస్త్రంలోని ఒక విశేషం గుర్తుంచుకోవాలి. ముస్లిం చట్టంలో ఉమ్మడి కుటుంబపు ఆస్తి అనే భావన లేదు. తండ్రి కన్నుమూసిన క్షణంలోనే ప్రతి వారసుడికీ తన వంతు ఖాయమవుతుంది. పంపకం జరిగినా జరగకపోయినా అది ఆమెదే, అతనిదే. పెద్ద కొడుకు ఇంటి యజమానిగా అందరి తరఫునా అమ్మేస్తానంటే కుదరదు. అతనికి ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు. ఏ చెల్లెలో పదేళ్ల తరువాత కోర్టుకు వెళ్లి తన వాటా అడిగితే, 'ఇన్నాళ్లూ ఏం చేశావు' అన్న ప్రశ్న లోకులు అడగవచ్చు గానీ, న్యాయస్థానం దానితోనే ఆమెను తిప్పి పంపదు. సహవారసుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనంగానే లెక్కకు వస్తుంది. ఆమె హక్కును బాహాటంగా కాదని, ఆమెకు తెలిసేటట్టు వెళ్లగొట్టినట్టు రుజువైతే తప్ప గడువు లెక్క మొదలు కాదు.

కొన్నవాడి కష్టం ఇక్కడితో ఆగదు. ఒక కుటుంబం కలిసి ఉండే నివాసగృహంలో అవిభక్త వాటాను పరాయివాడు కొని, తన వాటా విడదీసి ఇమ్మని దావా వేస్తే, ఆ కుటుంబంలోని వాటాదారు తగిన వెలకు దానిని తామే కొనుక్కొంటామని కోరవచ్చు. 1893 నాటి పార్టిషన్ చట్టంలోని నాలుగో సెక్షన్ ఆ అవకాశం ఇచ్చింది. అంటే ఇంటి కోసం ఆశపడి కొన్నవాడు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి, చివరికి ఇల్లు వదులుకొని వెల తీసుకోవలసి వచ్చినా రావచ్చు.

ఇంత ప్రమాదం ఉన్నా కాగితాలు చూసినవారికి అది ఎందుకు కనపడదు? కాగితాలలో అది లేదు గనుక. ఈసీ తీస్తే రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. మరణం రిజిస్టరు కార్యాలయానికి వచ్చి సంతకం పెట్టదు. వారసత్వం ఈసీలో కనిపించదు. పంచాయతీలో ఇంటి పన్ను పెద్ద కొడుకు పేరుకు మారి ఉంటుంది. పన్ను రసీదు పన్ను కట్టినందుకు ఆధారం, అంతే. కరెంటు బిల్లు సంగతీ అంతే. పైగా మన పల్లెల్లో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉన్నవి. వాటికి పట్టా ఉండదు, పాసుపుస్తకం ఉండదు, ముత్తాత నాటి దస్తావేజు ఉంటే అదే గొప్ప. చేతిలో ఏ కాగితమూ లేనివారి మాటే అక్కడ కాగితమవుతుంది. ఆ మాట చెప్పేవారు ఎప్పుడూ ఊళ్లో ఉన్న కొడుకులే. ఆత్మకూరుకో, కర్నూలుకో, గద్వాలకో అత్తవారింటికి వెళ్లిన కూతుళ్లు అక్కడ ఉండరు.

ఉన్న కాగితాల్లో కొంత పనికొచ్చేది తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. అది కూడా అడిగినవారు చెప్పిన పేర్ల మీదా, విచారించిన ఉద్యోగి శ్రద్ధ మీదా ఆధారపడి ఉంటుంది. పెళ్లయిన ఆడపిల్లల పేర్లు అందులో జారిపోవడం అసాధారణం కాదు. అందుచేత కొనేవారు ఆ పత్రంతో తృప్తి పడక, ఊరి మసీదు పెద్దలనూ, ఇరుగుపొరుగునూ, మరీ ముఖ్యంగా ఆ ఇంటి తల్లి బతికి ఉంటే ఆమెనూ స్వయంగా అడగాలి. ఎంతమంది పిల్లలను కన్నదీ తల్లి మరచిపోదు.

దొడ్డి పెద్దదైనప్పుడు మరొక వాదం వినవస్తుంది. ఇంటి స్థలంలో ఆడపిల్లలకు వాటా ఉంటే ఉండవచ్చు గానీ, వెనుక ఉన్నది కల్లం, సాగుభూమి, దానికి షరీఅత్ వర్తించదు అంటారు. ఈ మాటకు మూలం లేకపోలేదు. 1937 నాటి షరీఅత్ అన్వయ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. ఉత్తరప్రదేశ్‌లో ఇప్పటికీ సాగుభూముల వారసత్వం అక్కడి రెవెన్యూ చట్టం ప్రకారమే నడుస్తున్నది. కానీ మన సీమలో అది చెల్లదు. కర్నూలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. మద్రాసు శాసనసభ 1949లో ఆ చట్టాన్ని సవరించి వ్యవసాయ భూమి మినహాయింపును తొలగించింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు దానికి రాజధాని అయినప్పుడు ఆ సవరణ కూడా మనతో వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ సంగతి మన పల్లెలకు చేరలేదంటే తప్పు పల్లెలది కాదు, చెప్పవలసినవారిది. ఆ చెప్పవలసినవారిలో మా వంటి పత్రికలూ ఉన్నాయి.

అన్నదమ్ముల వాదాలు ఇంకా ఉన్నాయి. 'పెళ్లికి అంత ఖర్చు పెట్టాము, జహేజు ఇచ్చాము, వాటా అందులో చెల్లిపోయింది' అన్నది అన్నిటికంటే తరచుగా వినపడేది. జహేజుకూ వారసత్వానికీ షరీఅత్‌లో ఏ సంబంధమూ లేదు. కట్నం పుచ్చుకొనే దురాచారాన్ని మన సమాజం అరువు తెచ్చుకొన్నది. ఆ అరువు తీర్చడానికి దేవుడు నిర్ణయించిన వాటాను జమ కట్టడం రెండు తప్పులను కలిపి ఒక న్యాయం అనడమే. పైగా ఆ పెళ్లి ఖర్చు చేసినది తండ్రి, అన్నలు కారు. అన్నల పెళ్లిళ్లకు ఆయన పెట్టిన ఖర్చును వారి వాటాలోంచి ఎవరూ తీసివేయరు.

'నాన్న బతికుండగానే ఆపా తనకు ఏమీ వద్దని వ్రాసిచ్చింది' అన్నది మరొకటి. తండ్రి జీవించి ఉన్నంతకాలం పిల్లలెవరికీ ఆ ఆస్తిలో హక్కు పుట్టదు. పుట్టని హక్కును వదులుకోవడం కుదరదు. ప్రతిఫలం తీసుకొని ఆ మేరకు నడచుకొన్న కొన్ని సందర్భాలను న్యాయస్థానాలు వేరుగా చూసినా, సాధారణ సూత్రం ఇదే. ఆమె వదులుకోదలిస్తే తండ్రి మరణం తరువాత, తన వాటా ఎంతో తెలిసి, రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ద్వారా వదులుకోవాలి.

హిబా విషయం వీటికంటే జటిలమైనది. దానిపై కొంచెం నిలవాలి. ఒకడు తన జీవితకాలంలో తన ఆస్తిని ఎవరికైనా దానంగా ఇవ్వవచ్చు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకొనేవారు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే నోటి మాటతోనే హిబా పూర్తవుతుంది. ఆస్తి బదిలీ చట్టంలోని 129వ సెక్షన్ ముస్లింల హిబాను ఆ అధ్యాయపు నియమాల నుంచి విడిచిపెట్టింది. హఫీజా బీబీ, షేక్ ఫరీద్ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఇచ్చిన తీర్పు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వివాదం మీదనే. ఒక తండ్రి ఒక కొడుకుకు ఇచ్చినట్టు వ్రాసిన, రిజిస్టరు కాని హిబా పత్రం చెల్లదని హైకోర్టు అంటే, మూడు షరతులూ నెరవేరినప్పుడు కాగితం మీద వ్రాసినంత మాత్రాన రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు అన్నది. మిగతా సంతానానికి ఆ ఆస్తిలో ఏమీ దక్కలేదు.

ఆ తీర్పు మన వ్యక్తిగత చట్టానికి దక్కిన గౌరవమని సంతోషించినవారున్నారు. మేమూ దానిని తప్పు పట్టము. కానీ దాని నీడలో ఇంటింటా పుట్టుకొచ్చే నోటి హిబాలను చూస్తే భయం వేస్తుంది. తండ్రి పోయిన నలభై రోజులకు 'అబ్బా నాకు ఇచ్చేశారు' అని ఒక కొడుకు అంటాడు. సాక్షులుగా ఇద్దరు బావమరదులు నిలుస్తారు. తండ్రి చివరి శ్వాస వరకూ అదే ఇంట్లో, అదే మంచం మీద ఉన్నప్పుడు స్వాధీనం ఎప్పుడు అప్పగించాడు, ఎలా అప్పగించాడు? ఒకే ఇంట్లో కలిసి ఉన్న తండ్రీ కొడుకుల మధ్య స్వాధీనం మారినదని తేల్చడం న్యాయమూర్తులకే కష్టం. మరణశయ్య మీద ఇచ్చిన దానం మూడో వంతుకు మించి చెల్లదు. వారసుడికి ఇచ్చినదైతే మిగతా వారసుల సమ్మతి లేనిదే అసలు నిలవదు. నూమాన్ బిన్ బషీర్ తండ్రి ఒక్క కొడుకుకే కానుక ఇచ్చి ప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరినప్పుడు, పిల్లలందరికీ అలాగే ఇచ్చావా అని అడిగి, లేదంటే సాక్ష్యానికి నిరాకరించిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. హిబా చట్టాన్ని చెప్పేవారు ఆ ఉదంతాన్ని చెప్పరు. కనుక కొనేవారికి మా మాట: నోటి హిబా ఆధారంగా అమ్మజూపే ఇంటికి బయానా ఇవ్వవద్దు. హిబా నిజమైతే మిగతా వారసులంతా అమ్మకపు దస్తావేజులో సమ్మతిగా సంతకం పెట్టడానికి అభ్యంతరం ఉండకూడదు.

మైనర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తండ్రి చిన్న వయసులో పోయిన ఇళ్లలో తల్లి గానీ, పెద్దన్న గానీ పిల్లల తరఫున సంతకం పెట్టి అమ్ముతారు. ముస్లిం చట్టం ప్రకారం మైనరు స్థిరాస్తికి తండ్రి, ఆయన నియమించిన వ్యక్తి, తండ్రి తండ్రి, ఆయన నియమించిన వ్యక్తి, వీరే సంరక్షకులు. తల్లికి ఆ అధికారం స్వతహాగా లేదు. 1918లో ప్రీవీ కౌన్సిల్ ఇమామ్‌బందీ కేసులో చెప్పిన ఈ సూత్రం ఇంకా నిలిచే ఉన్నది. జిల్లా కోర్టు నుంచి సంరక్షకురాలిగా నియామకమూ, అమ్మకానికి అనుమతీ లేనిదే మైనరు వాటా అమ్మకం చెల్లదు. (పిల్లలను కష్టపడి పెంచిన తల్లికి లేని అధికారం తాతకు ఎందుకుండాలన్నది వేరే ప్రశ్న. దాని మీద మన ఉలేమాలు చర్చ మొదలుపెట్టవలసి ఉన్నది.)

ఇక మా మనసును ఎక్కువ కలచివేసే విషయానికి వస్తాము. 2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. పట్టాలు స్త్రీల పేరనే ఇచ్చారు. ఆ సెంటున్నర కోసం ఎండలో వరుసల్లో నిలబడ్డ ముస్లిం స్త్రీలు ఎందరో. సెంటున్నర అంటే డెబ్బై రెండు గజాల చిల్లర. మంచం వాల్చితే గోడ తగులుతుంది. ఇప్పటి ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటున్నది. మా లెక్కలోని పదహారు సెంట్ల ఇంట్లో ఒక్కొక్క కూతురికి రావలసినది రెండు సెంట్లు. ప్రభుత్వం దయతలచి ఇచ్చినదానికంటే ఎక్కువ, ఆమెకు వారసత్వంగా వచ్చిన హక్కుగా, తండ్రి దొడ్డిలోనే ఉన్నది. దానిని అడిగితే 'తోడబుట్టినవారితో తగవా' అంటారు. ప్రభుత్వాన్ని అడిగితే దరఖాస్తు పెట్టుకో అంటారు. రెండో దారే ఆమెకు సులువుగా తోస్తున్నదంటే మనం తలవంచుకోవలసిన మాటే.

పగిడ్యాల మండలానికి ఈ ముచ్చట మరింత దగ్గరది. ముచ్చుమర్రి దగ్గర కనిపించే శ్రీశైలం వెనుకజలాల కింద ఊళ్లున్నాయి. 1981 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా పల్లెలు ఖాళీ అయ్యాయి. విశాలమైన దొడ్లు వదిలి వచ్చినవారు పరిహారం తీసుకొని కొత్త చోట స్థలాలు కొన్నారు, కట్టుకొన్నారు. రికార్డులో పేరు ఎవరిదైతే పరిహారం వారి చేతికి వచ్చింది. రికార్డులో పేరు ఎప్పుడూ మగవాడిదే. మునిగిన ఇంట్లో వాటా ఉన్న అక్కచెల్లెళ్ల హక్కు, ఆ సొమ్ముతో కొన్న ఇంట్లోకి వచ్చిందా అని నలభై ఏళ్ల తరువాత ఈ రోజు ఆ ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు ఎవరు అడుగుతారు?

ఇప్పుడు మళ్లీ అటువంటి సందర్భమే వస్తున్నది. గ్రామకంఠం ఇళ్లను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్‌లో ప్రారంభించింది. ఇన్నాళ్లూ కాగితమే లేని ఇళ్లకు కాగితం రావడం మంచిదే. కానీ కొలిచే రోజున ఇంట్లో ఎవరుంటే వారి పేరు కార్డు మీదికి ఎక్కితే, ఊళ్లో లేని ఆడపిల్లల హక్కు ఒక ప్రభుత్వ ముద్రతో చెరిగిపోతుంది. కార్డు హక్కును పుట్టించదు, నిజమే. కానీ ఆ సంగతి రుజువు చేయడానికి ఆమె ఎంత దూరం నడవాలి! మసీదు కమిటీలు జుమా ప్రసంగంలో ఒక్క మాట చెప్పి, సర్వే జరిగే తేదీని పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలకు తెలియజేస్తే చాలు. ఫోన్లు అందరి చేతుల్లోనూ ఉన్నాయి.

పెద్ద దొడ్డి ఉన్న ఇంటి హద్దులను గురించి కూడా ఒక హెచ్చరిక. పాత ఊళ్లలో మన ఇళ్లు మసీదుకో, దర్గాకో, ఖబరస్తానుకో ఆనుకొని ఉంటాయి. కంచె ఏడాదికి అడుగు చొప్పున జరిగి వక్ఫ్ స్థలం దొడ్డిలో కలిసిపోయిన సందర్భాలున్నవి. వక్ఫ్ భూమిని బయటివారు ఆక్రమించారని మనం ఊరేగింపులు తీస్తాము, తీయవలసిందే. కానీ ఖబరస్తానులోకి జరిగిన మన కంచె కూడా ఆక్రమణే. సర్వీసు ఇనాము మీద రైత్వారీ పట్టా తెచ్చుకొన్నామని చూపించినా లాభం లేదు. ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫే అని, ఇనాముల చట్టం కింద వచ్చిన పట్టా ఆ స్వభావాన్ని మార్చదని సయ్యద్ అలీ కేసులో సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టం మీద మా అభ్యంతరాలు మాకున్నాయి, అది న్యాయస్థానంలో ఉన్న విషయం. ఇల్లు కొనేవారు మాత్రం వక్ఫ్ గెజెట్టునూ, రిజిస్ట్రేషను చట్టపు 22-ఎ నిషిద్ధ జాబితానూ సర్వే నంబరుతో సరిచూసుకోకుండా అగ్రిమెంటు వ్రాసుకోరాదు. దొడ్డిలో ప్రభుత్వం ఇచ్చిన డీ పట్టా భూమి కలిసి ఉన్నా అదే జాగ్రత్త. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం దాని అమ్మకాన్ని అడ్డుకొన్నది. తరువాత వచ్చిన సడలింపులు ఆ పట్టాకు వర్తిస్తాయో లేదో పట్టా మీది తేదీని బట్టి తేలుతుంది.

పొరుగువారి మాట కూడా మన సంప్రదాయంలో ఉన్నది. అమ్మబోయే ఇంటిని ముందుగా వాటాదారుకూ, దారీ నీరూ పంచుకొనేవారికీ, ఆనుకొని ఉన్నవారికీ చూపడాన్ని షుఫా అంటారు. పూర్వపు మద్రాసు రాష్ట్రపు న్యాయస్థానాలు దీనిని చట్టంగా గుర్తించలేదు గనుక కర్నూలు, నంద్యాల సీమలో షుఫా పేరిట దావా నిలవదు. మర్యాదగా పాటించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ మర్యాద పాటిస్తే మొదట అడగవలసిన వాటాదారు చెల్లెలే అవుతుంది.

ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్దదేమీ కాదు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని అమ్మే ప్రతి దస్తావేజులోనూ, మతంతో నిమిత్తం లేకుండా, చనిపోయినవారి భార్య, కుమార్తెల పేర్లతో సహా వారసులందరి వివరాలూ వ్రాయించి, ఎవరు సంతకం చేయలేదో ఎందుకు చేయలేదో నమోదు చేయించాలి. మన రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతురికి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. ఆ తరువాత హిందూ కుటుంబం నుంచి కొనేవారు ఆడపడుచుల సంతకం అడగడం నేర్చుకొన్నారు. పద్నాలుగు వందల ఏళ్లుగా వాటా ఉన్న ముస్లిం ఆడపడుచు సంతకాన్ని మాత్రం దస్తావేజు లేఖరీ అడగడు, కొనేవాడూ అడగడు. కొనేవాడు ముస్లిం అయినప్పుడు అతనికి ఆ లెక్క తెలియదనడానికి వీల్లేదు.

కొనేవారి ఇంట్లోనూ ఇదే లెక్క ఉన్నది. ఆ ఇంటి వెలలో కొంత ఎవరి మెడలోంచి వచ్చింది? వడ్డీకి వెరచి బ్యాంకు అప్పు వద్దనుకొన్న కుటుంబాల్లో భార్య నగలే మూలధనం. వడ్డీ లేని బ్యాంకింగును అనుమతించవచ్చునని రఘురాం రాజన్ కమిటీ 2008లో సూచించినా, 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను విరమించుకొన్నది. కనుక ఆ నగలు అమ్మక తప్పదు. అమ్మినప్పుడు దస్తావేజులో ఆమె పేరు, ఆమె పెట్టిన సొమ్ము మేరకు వాటా వ్రాయించడం న్యాయం. మహర్ బాకీ ఉన్నవారు దానిని ఆ వాటా రూపంలో తీర్చవచ్చు.

'చెల్లెళ్లు తామే వద్దంటున్నారు' అనే అన్నలకు చివరగా ఒక సూచన. నిజంగానే వద్దనేవారు ఉండవచ్చు. తోడబుట్టినవారి మీద ప్రేమతో తమ పాలు వదిలిన స్త్రీలను మేము తక్కువ చేయము. సెంటు లక్ష రూపాయలనుకొంటే మన లెక్కలోని పదహారు సెంట్ల ఇల్లు పదహారు లక్షలు. ఒక్కొక్క చెల్లెలి వంతు రెండు లక్షలు. ముందు ఆ రెండు లక్షలను ఆమె చేతికివ్వండి, లేదా ఆమె ఖాతాలో వేయండి. నందికొట్కూరు సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి ఆమెను కూడా తీసుకొని రండి, దస్తావేజు మీద సంతకం పెట్టించండి. ఆ తరువాత ఆ సొమ్ము మీకే తిరిగి ఇవ్వాలని ఆమెకు తోస్తే ఇస్తుంది.